పాత డిస్కులో మూడొందల బావులు

"ఎవరు విప్పమన్నారు దాన్ని? వద్దని నేను మొత్తుకున్నానా లేదా?"

సుబ్బారావు గొంతు వంటింటి దాకా వచ్చింది. సరోజిని పోపు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవాలు చిటపటలాడి, మాడి, పొగ లేస్తున్నా ఆమె చెయ్యి కదల్లేదు.

ముందుగదిలో బల్ల మీద పన్నెండేళ్ల నాటి కంప్యూటరు పక్కరేకు ఊడి, వెల్లకిలా పడుకుని ఉంది. దాని ముందు ఫణీంద్ర ఫ్యాక్టరీ యూనిఫాంలోనే గొంతుక్కూర్చున్నాడు. నిన్న సాయంత్రం దానికి కొత్త డిస్కూ కొత్త ర్యామూ వేసింది అతనే. పావుగంట మూలిగితే గానీ తెరుచుకోని మిషను అరనిమిషంలో తెరుచుకునేసరికి ఇంట్లో పండగలా ఉంది. ఆ పండగ ఎంతోసేపు నిలవలేదు. సరోజిని తన ఫైళ్లు తెరవబోతే పాత డిస్కు ఖాళీగా కనిపించింది.

"పాతది కూడా శుభ్రం చేస్తే రెండో డిస్కుగా పనికొస్తుందని ఫార్మాట్ చేశాను నాన్నా."

"ఫ్యాక్టరీలో వెంట్రుకవాసి తేడా వస్తే ముక్కని తీసి అవతల పారేస్తావే! ఇంట్లో మాత్రం కళ్లు మూసుకుని నొక్కేశావు."

"కళ్లు మూసుకుని నొక్కలేదు. అమ్మని అడిగాను. అన్నిటికీ కాపీలు తీసుకున్నావా అని ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాను."

సుబ్బారావు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆయన వెనక కోడలు దీక్షిత టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడింది.

"అడిగాడా సరోజా?"

సరోజిని స్టవ్ కట్టేసింది. మాడిన పోపు సింకులో పారబోసింది. కుళాయి తిప్పింది. ఆ నీళ్ల చప్పుడు ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

"ఏమో... పనిలో ఉన్నాను. నాకు గుర్తులేదు."

ఫణీంద్ర తల తిప్పి తల్లి వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె తట్టుకునేదేమో. ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. స్క్రూడ్రైవరు తుడిచి సంచిలో పెట్టి, హెల్మెట్ తీసుకుని లేచాడు.

"డబ్బా తీస్కపోవా?" అంది దీక్షిత.

"ఆకలి లేదు."

బైకు చప్పుడు సందు చివర దాకా వినిపించింది.

*

కొత్త కంప్యూటరు కొందామని ఫణీంద్ర నెలరోజులు పోరాడాడు. అంత ఖర్చు వద్దంది సరోజిని. ఐదువేలలో పాతదానికే ఊపిరి పోద్దామని చివరికి ఒప్పందం కుదిరింది. డబ్బు సంగతి నిజమే గానీ, అసలు కారణం వేరే. ఆ మిషను మీద ఆమె చేతివేళ్లకు ప్రతి మీటా తెలుసు. కొత్తదొస్తే తనకు రాదేమోనన్న భయం ఆమెది.

తణుకు వైపు నుంచి ముప్పయ్యేళ్ల కిందట భర్త ఉద్యోగం వెంట జహీరాబాదు వచ్చింది సరోజిని. మొదట టైపు ఇన్‌స్టిట్యూటు పెట్టింది. టైపు మిషన్లు మూలపడ్డాక ఇంట్లోనే డీటీపీ మొదలుపెట్టింది. ఊళ్లో సగం ఆఫీసుల్లో గుమాస్తాలు ఆమె దగ్గర వేళ్లు తిప్పడం నేర్చుకున్నవాళ్లే. బజార్లో కనిపిస్తే ఇప్పటికీ "నమస్తే మేడమ్" అని పక్కకు జరిగి దారి ఇస్తారు.

గుర్తులేదని అబద్ధమాడింది ఆ మేడమే.

అన్నీ గుర్తున్నాయి. పోయిన ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని సి డ్రైవ్‌లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే డి డ్రైవ్‌లోకి కాపీ చేసింది. పచ్చగీత చివరిదాకా పాకడం కళ్లారా చూసింది. కొడుకు అడిగితే, "అంతా తీసి పెట్టానురా, నాకు నువ్వు చెప్పాలా" అని కసిరింది కూడా. మరి సి పోతే పోయింది, డి ఎందుకు పోయింది? ఆ ప్రశ్న నిన్నటి నుంచీ ఆమెను వదలడం లేదు. అడిగితే జవాబు దొరుకుతుంది. ఆ జవాబు ఏమిటో ఆమెకు లోలోపల అంతో ఇంతో అనుమానం ఉంది. అందుకే అడగలేదు.

పోయినవి పెళ్లి శుభలేఖలూ బిల్లు పుస్తకాలూ అయితే ఇంత బాధ ఉండేది కాదు. పోయింది బస్వరాజ్ సారు బావుల పుస్తకం.

కోహీరులో తెలుగు పంతులుగా చేసి రిటైరైన బస్వరాజ్, ఇరవయ్యేళ్లుగా సైకిలు మీద ఊరూరూ తిరిగి పాత మోటబావుల చరిత్ర పోగు చేశాడు. కోహీరు, రాయికోడు దిక్కున ఇరవైనాలుగు ఊళ్లు, మూడువందల పన్నెండు బావులు. ఏ బావి ఎవరు తవ్వించారు, ఆ పేరెట్లా వచ్చింది, ఏ కరువులో ఎందరి గొంతు తడిపింది, ఎప్పుడు పూడిపోయింది అని వివరాలన్నీ రాసుకున్నాడు. చీటీల మీద రాసి తెచ్చేవాడు. పక్కన కూర్చుని చదివేవాడు, ఆమె కొట్టేది. ఒక ఊరు పూర్తయితే ఆ ఊరి చీటీలు ఇంటికి తీసుకుపోయి నీళ్లపొయ్యిలో వేసేవాడు. "మిషన్ల ఎక్కినంక ఇంక ఈ కాగితాలెందుకమ్మా" అనేవాడు.

సోమవారం ఆయన కంటికి ఆపరేషను. ఒక కన్ను ఇదివరకే పోయింది. రెండోదాని మీద డాక్టరు ఏ హామీ ఇవ్వలేదు. ఉన్న చూపుతో ఒక్కసారి మొత్తం చదువుకుంటానని, ఈ సాయంత్రం ఐదింటికి వస్తానని మొన్ననే ఫోను చేశాడు.

*

"అత్తమ్మా, నడువుండ్రి. మంజునాథన్న దుకాణం తెరిచిండట." దీక్షిత పాత డిస్కును మెత్తటి టవల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

బస్టాండు వెనక సందులో మంజునాథ్ రిపేరు దుకాణం. అతనిది బీదరు. తెలుగు మాట్లాడినా వెనకాల కన్నడం వినిపిస్తూనే ఉంటుంది. డిస్కు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని, ఒక వైరుకు తగిలించి చూశాడు.

"ఫార్మాట్ అయినంక ఇందుల ఏమన్న ఎక్కించిన్రా?"

"లేదన్నా. ఖాళీగ కనవడంగనే వైరు పీకేసినం," అంది దీక్షిత.

"మంచి పని చేసిన్రు. పైపైన తుడిచిండ్రు అంతే, లోపట ఉంటయి. కానీ డిస్క్ పాతది, కొన్ని జాగల చెడిపోయింది. ఎన్ని వస్తయో చెప్పలేను." అతను సరోజిని వైపు తిరిగాడు. "వేరే తాన కాపీ ఏం లేదా మేడమ్?"

"ఉంది. డి డ్రైవ్‌లో పెట్టాను."

మంజునాథ్ చేతులు ఆగాయి. దీక్షిత తల వంచుకుంది.

"మేడమ్," అన్నాడతను నెమ్మదిగా, "సి అయినా డి అయినా ఒక్క డిస్కే. ఒక్క బీరువల రెండు అరల లెక్క. బీరువ పోతే రెండూ పోతయి."

దుకాణంలో ఫ్యాను తిరుగుతోంది. బయట చెరుకు లారీ ఒకటి రివర్సు తీసుకుంటూ కూత పెడుతోంది. పాత ప్రింటరు తెచ్చిన కుర్రాళ్లిద్దరు బెంచీ మీద కూర్చుని ఆమెనే చూస్తున్నారు. వాళ్లు వినలేదనుకోవడానికి వీల్లేదు.

"అలాగా," అంది సరోజిని. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

"చానమంది గట్లనే అనుకుంటరు మేడమ్. ఫికర్ చెయ్యకుండ్రి. నాలుగింటి వరకు వచ్చినకాడికి తీసి నేనే ఇంటికి తెస్త."

*

ఆటో దొరికింది గానీ సరోజిని ఎక్కలేదు. నడుస్తానంది. దీక్షిత పక్కనే నడిచింది. ఇద్దరూ పళ్లబండ్ల వరస దాటారు.

"నాకు ఎరుకనే అత్తమ్మా," అంది దీక్షిత.

"ఏది?"

"ఆదివారం నాడు మీరు డి ల పెడ్తుంటె నేను ఎనుక నిలబడి చూసిన. అది కాపీ కాదని నాకు తెల్సు."

సరోజిని నడిరోడ్డు మీద ఆగిపోయింది. "తెలిసి చెప్పలేదా? అంత పుస్తకం పోతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"ఆయన ఫార్మాట్ చేస్తడని నాకేం తెల్సు? చేసినప్పుడు నేను వంటింట్ల ఉన్న."

"అయినా ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్తె ఇంటుంటిరా?" దీక్షిత గొంతు ఒక్కసారిగా లేచింది. ఈ ఇంటికి వచ్చిన రెండేళ్లలో ఆ గొంతు అంత పైకి లేవడం ఇదే మొదలు. "దసరా ముంగట ఒత్తు కొట్టనీకి దగ్గరి తొవ్వ ఉందని చూపెట్టిన. 'నేను మీ చిరాగ్‌పల్లి ఊరివాళ్ల దగ్గర నేర్చుకునేంత దానినయ్యానా' అన్నరు. నలుగురి ముంగట అన్నరు. గప్పటి సంది నేను ఆ కుర్చీ పక్కకు రాలే."

సరోజినికి ఆ మాట గుర్తుంది. నవ్వుతూ అన్నాననుకుంది. ఆ రోజు గదిలో అందరూ నవ్వారు. దీక్షిత నవ్విందో లేదో ఆమె చూడలేదు.

"పొద్దున ఆయన రెండుసార్లు అడిగిన అన్నడు. మీరు గుర్తులేదన్నరు," దీక్షిత కళ్లు తుడుచుకుంది. "నేను వంటింట్ల ఉండి విన్న అత్తమ్మా. ఆయన అడిగిండు. మీరు అన్నీ తీసిపెట్టిన అన్నరు."

"మరి నువ్వైనా అప్పుడు నోరు విప్పలేదేం?"

"నేను చెప్తె మీరు అబద్ధం ఆడినట్టు అయితది గద. మామయ్య ముంగట మిమ్మల్ని గట్ల ఎట్ల నిలబెడ్త?"

ఇంటికి రాగానే సరోజిని కొడుక్కి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. రెండోసారి కట్ చేశాడు. కాసేపటికి ఒక్క మాట వచ్చింది ఫోనులోకి. 'పనిలో ఉన్నాను.'

పొద్దున తను అన్నదీ అదే మాటని ఆమెకు చప్పున తట్టింది. ఫోను బోర్లించి పెట్టేసింది.

*

మంజునాథ్ నాలుగింటికి వచ్చాడు. కంప్యూటరు నిలబెట్టి, రేకు బిగించి, తను తీసినవన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించాడు.

"ఎనిమిదివేల చిల్లర ఫైళ్లు వచ్చినయి మేడమ్. పేర్లు పోయినయి. అన్నీ నంబర్లే. తెరిచి చూస్కోవాలె."

మొదటి ఫైలు తెరిచాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ, పిచ్చిగీతల్లా. సరోజిని తెర దగ్గరికి వంగింది. బల్ల అంచు పట్టుకుంది.

"గాబరా కావొద్దు. కొత్తగ ఎక్కించిన మిషను కద, మీ తెలుగు అక్షరాల ఫాంట్లు లేవు."

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. రెండు నిమిషాలకు ఆ పిచ్చిగీతలు సర్దుకుని తెలుగయ్యాయి. శ్రీరస్తు, శుభమస్తు. ఎవరిదో తొమ్మిదేళ్ల కిందటి పెళ్లి. తర్వాతది ఎరువుల దుకాణం రసీదు. ఆ తర్వాతది నూలు చీరల కరపత్రం.

మంజునాథ్ వేరే పని ఉందని వెళ్లిపోయాడు. కుర్చీ ఖాళీగా ఉంది. సరోజిని అందులో కూర్చోలేదు.

"నువ్వు కూర్చో దీక్షితా. నీ చెయ్యి నాకంటే చురుకు."

దీక్షిత అత్తగారి మొహం వంక ఒక క్షణం చూసి, కూర్చుంది. టకటకా తెరుస్తూ మూస్తూ పోయింది. ఏడు నిమిషాలకు మొదటి ఊరు దొరికింది. సరోజిని "అదే, అదే!" అని చిన్నపిల్లలా అరిచింది. ఊళ్ల జాబితా కాగితం మీద టిక్కు పెట్టింది. తర్వాత వరసగా నాలుగు దొరికాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఒక ఊరు తెరుచుకుంది గానీ మూడో పేజీ తర్వాత అంతా చెరిగిపోయి ఉంది. ఐదు కావస్తుండగా లెక్క చూస్తే పదకొండు ఊళ్లు.

సుబ్బారావు ఇంతసేపూ గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సరోజా, నా మాట విను. ఆ పదకొండూ అచ్చు తీసి ఆయన చేతిలో పెట్టు. మిగతావి మిషను బాగయ్యాక ఇస్తానను. అబద్ధం కాదుగా? సోమవారం కత్తి కిందికి వెళ్లే మనిషికి ఇప్పుడు ఈ మాట చెప్పడం అవసరమా?"

"ఆపరేషన్ అయ్యాక ఆయనకు కనపడకపోతే?"

"కనపడకపోతే... ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు."

"ఏది చదివి వినిపిస్తారండీ? లేనిదా?"

గేటు గొళ్లెం చప్పుడైంది.

*

బస్వరాజ్ సారు చెప్పులు విడిచి, గోడ తడుముకుంటూ లోపలికి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన సంచి. సంచిలోంచి జామపళ్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"మా దొడ్డివే సరోజమ్మా. ఈసారి కాపు తక్కువుంది, కానీ తీపి మంచిగున్నది." కుర్చీలో కూర్చుని భూతద్దం తీశాడు. "ఏది, పుస్తకం? నిన్న రాత్రి నిద్ర వట్టలే. పెండ్లికొడుకు లెక్క అయిపోయిన."

దీక్షిత ఈలోగా దొరికిన ఊళ్లు అచ్చుకిచ్చింది; ప్రింటరు లోంచి వచ్చిన కాగితాలు సర్ది చేతిలో పట్టుకుంది. ఇవ్వాలో వద్దో తేలక అత్తగారి వైపు చూసింది. సుబ్బారావు కూడా చూస్తున్నాడు, వద్దన్నట్టు.

సరోజిని ఆయన ముందు నేల మీద కూర్చుంది. ముప్పయ్యేళ్లలో పని తెచ్చిన ఏ మనిషి ముందూ ఆమె అలా కూర్చోలేదు.

"సార్, మీ పుస్తకం పోగొట్టాను."

ఆయన నవ్వబోయి ఆగాడు.

"మిషను బాగుచేయిస్తూ పాత డిస్కు తుడిచేశాం. ఇప్పటికి పదకొండు ఊళ్లు దొరికాయి. మిగతా పదమూడు దొరుకుతాయో లేదో తెలియదు. చేసింది మావాడే, కానీ తప్పు వాడిది కాదు. కాపీలున్నాయా అని వాడు నన్ను రెండుసార్లు అడిగాడు. ఉన్నాయన్నాను. కాపీ తీయడం నాకు సరిగా తెలియదు సార్. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. పొద్దున వాళ్ల నాన్నగారు అడిగితే గుర్తులేదని అబద్ధం కూడా ఆడాను."

సుబ్బారావు మొహం ఎర్రబడి, మళ్లీ మామూలైంది. పొద్దున కొడుకును అన్న మాటలన్నీ ఆయనకు ఒక్కొక్కటే తిరిగి వినిపిస్తున్నట్టున్నాయి. ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు.

బస్వరాజ్ భూతద్దం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. తిట్టినా బాగుండునని సరోజిని ఎదురుచూసింది.

"రాయికోడు దిక్కు ఊళ్లు వచ్చినయా?" అన్నాడాయన.

"ఇంకా రాలేదు సార్."

"అటు కాశమ్మ బావి అని ఒకటుండె. పూడ్చేసి ఇండ్లు కట్టిన్రు. దాని కత చెప్పిన ముసలామె మొన్న కార్తీకంల పోయింది. ఊళ్లె ఇంక ఎవలికీ ఎరుక లేదు."

"మీకు తెలుసు కదా సార్," సరోజిని ఆశగా ముందుకు జరిగింది. "మీరు చెప్పండి, ఇప్పుడే కొడతాను. రాత్రంతా కూర్చుంటాను. ఆ కాశమ్మ ఎవరు?"

బస్వరాజ్ కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. ఒక పేరు దగ్గరికి వచ్చినట్టే వచ్చి తప్పిపోయింది. ఆయన నుదురు తడిమి తడిమి చూసుకున్నాడు.

"కాశమ్మ..." అన్నాడు. "కాశమ్మ ఆ బావి..."

వరండాలో సుబ్బారావు "ఫణీ, ఒక్క నిమిషం, పెట్టెయ్యకురా" అంటున్నాడు.

"రాసిపెట్టిన గద అని," ఆయన కళ్లు తెరిచాడు. చూపున్న ఆ ఒక్క కంటిలో నీళ్లు నిండాయి. "రాసిపెట్టిన గద అని మర్చిపోయినమ్మా."

దీక్షిత చెయ్యి మౌసు మీద బిగుసుకుంది. ఇంకా తెరవని ఫైళ్లు ఏడువేలకు పైనే ఉన్నాయి. ఆమె తర్వాతి నంబరు నొక్కింది. అది తెరుచుకోవడానికి ఎందుకో ఆలస్యం చేస్తోంది.